రెండో పాప ఫొటో ఎక్కడ?

1989 ఏప్రిల్ 3వ తేదీన, ఒక చేత నియామక పత్రమూ, మరో చేత అరటికాయ మటోకె వంటకం గిన్నే పట్టుకుని మసాకాలోని మన కంటి ఆసుపత్రిలో అడుగుపెట్టిన డాక్టర్ పెర్పెతువా నబుకేన్య గారు ఈ నెలాఖరున పదవీ విరమణ చేస్తున్నారు. ఈ మాట రాయడానికి మత్తువైద్యుడినైన నాకు చేయి రావడం లేదు.

తొలి దశాబ్దం శుక్లాల శస్త్రచికిత్సలకే అంకితమైనా, వారిని కలవరపెట్టింది మాత్రం పసిపిల్లల కంటి క్యాన్సర్. ఏటా నలుగురైదుగురిని చూసే ఒక్క ఆసుపత్రికి ఆ వ్యాధి పోకడ అంతుచిక్కదని, మన పెద్ద సరస్సు చుట్టూ ఉన్న ఆసుపత్రులన్నీ తమ ఫొటోలను, చికిత్సా వివరాలను ఒకచోట చేర్చి పరిశోధించాలని వారు పట్టుబట్టారు. "మన పిల్లల కళ్ళు ఊరంతా పంచిపెడతారా?" అని కసిరిన అప్పటి సూపరింటెండెంట్ డాక్టర్ స్సెకిట్టో గారి గది ముందు, ఆయన సరేననేదాకా రోజూ కుర్చీ వేసుకుని కూర్చున్నారు. తల్లిదండ్రుల అనుమతితో, పేర్లు దాచి, వంశం, ఊరు, పుట్టిన తేదీలే గుర్తుగా 2011లో ఉమ్మడి భాండారం ఆరంభమైంది.

మూడేళ్ళకు అదే భాండారం మా ప్రాణాల మీదికి తెచ్చింది. సరస్సులోని ద్వీపాల నుంచి వచ్చిన మూడేళ్ళ నకాటో ఎడమ కంట్లో పెద్ద కణితి ఉంది. ఒడ్డునున్న క్లినిక్ నెల క్రితం భాండారానికి పంపిన ఫొటోలో ఆ కన్ను నిర్మలంగా ఉంది. నెలలో ఇంత పెరిగిందంటే ఇక ప్రాణానికే ముప్పని, కన్ను తీసేయక తప్పదని స్సెకిట్టో గారు తేల్చారు. పాపను బల్ల మీద పడుకోబెట్టారు. సూది నా చేతిలో ఉంది.

తలుపు దగ్గర తల్లి నబుకేన్య గారి కోటు పట్టుకుంది. "డాక్టరమ్మా, దీనికి కన్ను తీస్తే రెండోదానికీ తీయాలా? కవలల్లో ఒకరికి చేసింది ఇంకొకరికీ చేయాలి కదా, లేకపోతే అలుగుతారు."

కవలల తల్లి కనుక ఆమెను మేమంతా నలోంగో అనే పిలుస్తున్నాం. అయినా రెండో బిడ్డ సంగతి ఎవరికీ తట్టలేదు.

"నలోంగో, క్లినిక్‌లో రెండోదానికీ ఫొటో తీశారా?"

"తీయకుండా ఊరుకుంటానా? ఒకే రంగు గౌన్లు వేసి తీసుకెళ్ళా. ముందు బబిర్యేకి, తర్వాత దీనికి."

"సూది పక్కన పెట్టు!" అన్న నబుకేన్య గారి కేక నా వెన్నులో ఇప్పటికీ ఉంది.

ఒకే వంశం, ఒకే ఊరు, ఒకే పుట్టినరోజు. ఒకే పాప రెండుసార్లు నమోదైందనుకుని భాండారం బబిర్యే ఫొటో ఉంచి, నకాటోది పక్కకు నెట్టేసింది.

స్సెకిట్టో గారు మండిపడ్డారు. "ఇదా మీ ఘనకార్యం? ఇవాళే మూసెయ్యండి!"

"ముందు కన్ను సంగతి చూద్దాం సార్. తర్వాత తిట్టండి, నిలబడి వింటా."

క్లినిక్‌కు ఫోన్ చేశాం. ఫొటో వచ్చేదాకా ఎవరమూ కూర్చోలేదు. నెల క్రితమూ కణితి అంతే ఉంది, పెరగలేదు. ఇటువంటి కణితి మందుకు కరిగిన పిల్లల ఫొటోలు అదే భాండారంలో, సరస్సు అవతలి ఆసుపత్రుల నుంచి వచ్చి ఉన్నాయి. స్సెకిట్టో గారు వాటిని ఒక్కొక్కటే చూసి, చేతి తొడుగులు విప్పేశారు. మరునాటి నుంచి అన్ని ఆసుపత్రులూ మొట్టమొదట అడిగే ప్రశ్న, కవలలా?

నకాటోకు మందు పట్టింది. తన నియమం ప్రకారం నలోంగో ప్రతిసారీ ఇద్దరినీ తెచ్చింది కనుకనే, తర్వాతి ఏడు బబిర్యే కంట్లో తలెత్తిన చుక్కను మొలకలోనే పట్టుకోగలిగాం. శుక్రవారం వీడ్కోలు సభలో ఆ ఇద్దరూ ముందు వరుసలో కూర్చుంటారు.

నబుకేన్య గారూ, ఒకరికి చేసింది ఇంకొకరికీ చేయాలి. మా అందరి కళ్ళూ చూసిన మీరు మీ కుడికంటి శుక్లాన్ని మూడేళ్ళుగా వాయిదా వేస్తున్నారు. ఆయురారోగ్యాలతో నిండు నూరేళ్ళూ వర్ధిల్లాలని మనసారా కోరుతున్నాను. సోమవారం ఉదయం పరగడుపున రండి. సూది నా చేతిలో ఉంటుంది, ఈసారి పక్కన పెట్టను.