మూరెడు గోడ

ప్రొద్దుటూరు దాటాక దువ్వూరు దారిలో, కూల్చిన ఇళ్ల శిథిలాలను ఏరి కంకర చేసే యార్డు. మధ్యాహ్నం అన్నాలకని మిషను ఆపారు. ఏరే పనిచేసే రాహేలు ముందు ఇళ్లు కట్టే మేస్త్రీ ఆదినారాయణ, నీడకు రమ్మన్నా రాకుండా, ఎండలోనే నిలబడి ఉన్నాడు.

“కాటా అయినాక ఏదీ బయటికి పోగూడదన్నా. రూలు.”

“మూరెడు గోడ ముక్కమ్మా. నా ఇంటిదే. నిన్న సాయంత్రం మీ ట్రాక్టర్లో వచ్చినాది.”

“నిన్నటి దాకా నీ ఇల్లు. కాటా ఎక్కినాక కంకర.”

“మిషను మల్ల ఎప్పుడు తిప్పుతారు?”

“అరగంటకు. ఏ ముక్కన్నా?”

“పెన్సిలు గీతలుంటాయి దానిమీద.”

“ఇదా?”

“అదే. ఇటియ్యి.”

“ఉండు, ఉండు. ‘సుమ, ఆరేండ్లు.’ ‘సుమ, ఏడేండ్లు.’ పాప ఎత్తు గీసినారా?”

“నా కూతురు. ఏడేండ్లకే పోయినాది.”

“ఏడేండ్లకే పోతే, పన్నెండు దాకా గీతలుండాయే. ఎవరు గీసినారు?”

“నా పెండ్లాం. వనజ. ఏటా పాప పుట్టినరోజుకు గీస్తాది. దానికి మనసు బాగలేదు. ఈ ముక్క లేకుంటే అన్నం ముట్టదు.”

“ఆమె గీసిందా?”

“చెప్తి గదా.”

“ఆమెనే?”

“ఎన్నిసార్లు చెప్పల్ల? ఇయ్యమ్మా, పోతా.”

“కోప్పడొద్దు. ఇల్లెందుకు కొట్టినావన్నా?”

“పాతది.”

“పదేండ్ల ఇల్లు పాతదా?”

“మా కష్టాలు మావి.”

“సరే. ఇల్లు కొట్టినోళ్లంతా వాగులో, వంకలో పారబోసి పోతాండారు. నువ్వు పనిగట్టుకొని ఈడికి తోలినావు. ఎందుకు?”

“ఈడ ఏరుతారని.”

“ఏరితే ఏంది?”

“మట్టి, సున్నం, కట్టె పేళ్లు తీసేస్తారని.”

“తీయకుంటే?”

“నీకు తెలుసు గదా.”

“నాకు తెలుసు. నువ్వు చెప్పు.”

“సన్‌షేడు నిలబడదు.”

“ఏ సన్‌షేడు?”

“నేను పోసిందే. పాత ఇంటి దిబ్బ ఉంటే, ఏరకుండా అట్లే కంకరకు బదులు కలిపినా. నా ఇల్లు, నేనే మేస్త్రీని, నన్నడిగేదెవరు అనుకుంటి. పాప వాన చూస్తా దాని కింద నిలబడినాది.”

“అన్నా, నీళ్లు తాగుతావా?”

“వద్దు. ఆ దిబ్బ ఇంకొకరి ఇంట్లో పడగూడదు. అందుకే తోలినా. చాలా?”

“చాల్లేదన్నా. గీతలెవరు గీసినారు?”

“చెప్పినా గదా, వనజ...”

“ఎవరు?”

“నేను.”

“మల్ల చెప్పు.”

“నేనే గీసినా. ఏటా ఆ పొద్దు వనజ గుడికి పోయినాక, ఇంత పెరుగుంటాదిలే అని లెక్కేసుకొని గీసినా. ఇల్లు కొడితే నా చెయ్యి ఆగుతాదనుకుంటి. ఆగలా. బాడుగింట్లో పొద్దున లేచి గోడ కోసం తడుముకుంటి. ఇది లేకుంటే నేను బతకలేనమ్మా. వనజకు మాత్రం తెలీదు, తెలియగూడదు. ఇయ్యి.”

“తీసుకో. బరువుంటాది, రెండు చేతులా పట్టు.”

“రూలంటివి?”

“పొద్దున్నే వనజక్క వచ్చిండె. కుప్పంతా వెతికి ఇది తీసి నా చేతికిచ్చింది. మా ఆయన వస్తాడు, నేనే గీసినానని ఆయన నోటితో చెప్పినాకే ఇయ్యి, అని పోయింది.”

“వనజా? దానికి తెలుసా?”

“ఎనిమిదో ఏటి గీత నుంచీ తెలుసంట.”

“తెలిసీ ఒక్క మాట... ఇన్నేండ్లు ఒక్క మాట అడగలేదే. ఏమనింది? నన్నేమనింది?”

“నిన్నేమీ అన్లేదు. పన్నెండో ఏటి గీత మీద చెయ్యి పెట్టి శానా సేపు చూసింది. జానెడు తక్కువ పడిందంటన్నా. రోజూ మాదిరే పొద్దున పాపకు జడేస్తాంటే చూసిందంట, ఎత్తు ఆమె చెవి దాటిందంట.”