హీటరు తగ్గించేనండి

హలో… ఆఁ, నేనేనండి బావగారూ, అమ్మిరాజుని… ఆయ్, బావున్నామండి. మీ చెల్లెలా? రత్నం లోపల టిఫిను తింటోంది. నేను వీధరుగు మీదకొచ్చి మాట్లాడుతున్నాను…

ఏంటండీ?… కరెంటు బిల్లా?… రత్నం చెప్పిందా?… ఆయ్, తగ్గిందండి. బాగానే తగ్గింది.

అబ్బెబ్బే, నా గొప్పేం లేదండి… మీ లాడ్జిలోనా? మళ్ళీ కొత్త హాట్ టబ్బు, అదే వేడినీళ్ళ తొట్టి, పెడుతున్నారా?… పాతది కరెంటు తాగేస్తోందనే గదండీ తీసేసి మాకు పంపించేరు!… అయ్యో, దెప్పడానిక్కాదు బావగారూ. అదే లేకపోతే రత్నానికి… సర్లెండి.

చిట్కాయా?… ఏముందండి. మా పీచు మిల్లు నుంచి కొబ్బరి పొట్టు తెచ్చి, గోతాల్లో కూరి, టబ్బు చుట్టూ పేర్చేను. వేడి పక్కలకి పోదు… ఆఁ, మూతే ముఖ్యమండి. నీళ్ళమీద గాలాడిందంటే హీటరు ఆగనే ఆగదు. పాత స్పాంజి పరుపుకి టార్పాలిన్ చుట్టి కప్పేను… ఆయ్… ఆయ్…

లేదండి, అంతే.

పొట్టుకీ పరుపుకీ ఇంత తగ్గుతుందా అంటే… ఏం చెప్పమంటారు… మీరు మరీ ప్లీడరులా అడుగుతారు!

…

ఇంత తగ్గదండి. మిగతాది నేను తగ్గించేను. హీటరు తగ్గించేనండి… అమలాపురం నుంచి నెలకోసారి వస్తారే, రత్నం కాళ్ళకి ఎక్సర్‌సైజులు చేయించే శ్రీవిద్యగారు, ఆవిడ నీళ్ళు ముప్ఫై ఏడు డిగ్రీల్లో ఉంచమన్నారు. నేను ముప్ఫైకి దించేసేను.

— ఆయ్, వింటున్నాను. తిట్టండి.

ఎందుకా?… బిల్లు నేను కడతానని మీరంటే, "నా పెళ్ళాం, నా ఇల్లు, నేనే కట్టుకుంటాను" అని పోటుగాడిలా అన్నాను గదా. రెండో బిల్లుకే కళ్ళు తిరిగేయి. మళ్ళీ మీ దగ్గరికి ఏ మొహం పెట్టుకుని రానండి?

తనకెలా తెలుస్తుందండి! ఆటో తిరగబడ్డ కాణ్ణుంచి నడుం కింద మొద్దే గదా. నీళ్ళా, నడుం దాకానే. వేడో చల్లో కాళ్ళకి తెలీదు. అదే నా ధైర్యం… నీచమే. మీరు చెప్పక్కర్లేదు. రోజూ ఎత్తి దింపుతూ "వెచ్చగా ఉందిలే" అనేవాణ్ణి. "బావుందండి" అనేది పిచ్చిది.

ఇంకా ఉంది, వినండి…

నిన్న దింపగానే కెవ్వుమంది. "ఏవండీ, చల్లగా తగిలింది! పాదానికి! చల్లగా!" అని…

ఆయ్, కుడి పాదం… ఒట్టండీ, మీతో అబద్ధమాడతానా! కబురు పెడితే సాయంత్రం శ్రీవిద్యగారొచ్చి దూదితో రాసి చూసేరు. స్పర్శ మళ్ళీ వస్తోందన్నారు… బావగారూ… బావగారూ, ఏడవకండి. రాత్రే మీకు ఫోన్ చెయ్యాల్సింది. చేస్తే నా నిర్వాకం కూడా చెప్పాలి గదా, అందుకే చెయ్యలేదు. ఇంత మంచి కబురు కూడా దాచుకున్నాను, చూడండి నా బతుకు.

రత్నమా?… ఏమంటుంది. నేనే కాళ్ళట్టుకున్నాను, తగ్గించింది నేనేనే అని. "తెలుసండి" అంది…

ఆఁ, తెలుసట! "కాళ్ళు మొద్దు గానీ చేతులు మొద్దా? మొదటి రోజే చెయ్యి ముంచి చూసుకున్నాను" అంది. ఆ మాత్రం ఇంగితం లేకపోయింది నాకు. తెలిసీ నోరు విప్పలేదండి, నా పరువు పోతుందని. నవ్వింది కూడా. ఓ దెబ్బ వేసినా బావుండును…

ఆయ్… ఈ నెల నుంచి మీరే కడతారా?… కట్టండి బావగారూ. కాదనను.

పెంచడమా? నిన్ననే పెంచబోయేనండి. బటను మీద వేలు పెట్టేను. నా చెయ్యి పట్టుకుని ఆపేసింది…

"ఇవాళ్టికి ఉంచండి" అంది. "చల్లగా ఉన్నట్టు తెలుస్తోంది. ఇంకాసేపు తెలియనివ్వండి" అంది…

…

హలో?… ఆఁ, ఉన్నానండి… ఇహ ఫోను మీరే పెట్టేయండి బావగారూ, నావల్ల కావట్లేదు.