బాయిలర్ గది మూత

కీల్ రేవు, యుద్ధం ముగిసిన మూడో ఏడు. మునిగిపోయిన టార్పెడో పడవ చరిత్ర రాస్తున్న ఆ పడవ పాత సరంగు, అందులో బాయిలర్‌కి బొగ్గు వేస్తూ చనిపోయిన డెట్లెఫ్ భార్య వంటింట్లో కూర్చున్నాడు.

“మీ ఆయన పేరు రాశానమ్మా. ‘మైను తగిలి పడవ మునిగింది, డెట్లెఫ్ వీరమరణం పొందాడు’ అని.”

“మైను పేలాక పడవ ఎంతసేపు తేలింది?”

“పావుగంట.”

“మా ఆయనకి నాలుగు మెట్లెక్కడానికి పావుగంట చాల్లేదా, సరంగు గారూ?”

“వేగంగా వెళ్తున్నప్పుడు బాయిలర్ గది మూత పైనుంచి బిగించేస్తాం. మంట బాగా మండాలంటే లోపల గాలి ఒత్తిడి తగ్గకూడదు. అది పద్ధతి.”

“తెలుసు, ఆయనే చెప్పేవాడు. తెరిచే పనెవరిది?”

“నాదే. కెప్టెన్ ఆర్డరిస్తేనే తెరవాలి.”

“ఇవ్వలేదా?”

“పేలుడులోనే పోయారు.”

“మీకు తెలుసా అప్పుడు?”

“నా కళ్ళముందే పోయారు.”

“అయినా ఆర్డరు కోసం ఆగారా?”

“ఇరవై ఏళ్ళ అలవాటమ్మా. చెయ్యి కదల్లేదు.”

“లోపల్నుంచి కొట్టారా?”

“పారలతో కొట్టారు. నేను నీళ్ళలోకి దూకాక కూడా వినబడింది.”

“మీరు రాసినదాంట్లో అది లేదే?”

“రాయలేకపోయాను.”

“ఇదిగో కలం. కాఫీ మళ్ళీ కాస్తాను. ఈసారి ఆర్డరు నేనిస్తున్నా, రాయండి.”