చక్రం, పలక, మిరపకాయ

బోర్డులు రాసే దత్తాత్రేయకు కోపం తొందరగ రాదు, వచ్చినా నిలువది. పంతొమ్మిది వందల ఎనభై రెండుల, వానలు వెనుకబడ్డ ఒక పొద్దున, ఉన్నంత కోపం మూటగట్టుకొని మానుకోటల కొత్తగూడ బస్సెక్కిండు. జాల్యా తండ మలుపు కాడ దిగేసరికి ఆ మూట సగం వదులైంది. బస్సు బోర్డు కింద తండ ముసలమ్మ జమ్లీ కాళ్ళు జాపుకొని కూసున్నది.

"జర పక్కకు జరుగవ్వా. నువ్వు గిట్ల అడ్డం కూసుంటే నేనెట్ల పీకాలె?"

"నీడకు కూసున్న బిడ్డా."

"గీ బోర్డుకు నీడెంతవ్వా, చాటంత. అది గూడ నీ మీద లేదు, రోడ్డు మీద పడ్డది."

"జరుగుతది. పొద్దెక్కుతాంటే జరిగి జరిగి నా మీదికే వస్తది. నువ్వు గూడ కూసో. ఎండన పడి వచ్చినవు, నా మనుమరాలు కమ్లీ నీళ్ళు తెస్తది."

"నీళ్ళొద్దు, బోర్డు గావాలె. ఇగో, మీ బోర్డు మీకు తెచ్చిన. 'ప్రాథమిక పాఠశాల, జాల్యా తండా'. నీలం మీద తెల్లక్షరాలు. ఆ దీర్ఘం చూడు ఎట్ల తీసిన్నో. మానుకోటల గిసొంటి దీర్ఘం తీసేటోడు ఇంకోడుంటే నా కుంచె ఇరగ్గొట్టుకుంట."

"మంచిగున్నది. ఆ మోదుగు చెట్టుకు ఆనిచ్చు."

"ఆనిచ్చుడు కాదవ్వా, మార్చుకునుడు. ఇది మీకు, అది నాకు."

"అది నాటినమాయె. నాటినదాన్ని ఎవలన్న పీకుతరా?"

"అది మొక్కనా? బోర్డు. ఏం రాసున్నదో ఎరుకేనా నీకు? 'ఇచ్చట బస్సు ఆగును' అని."

"ఆగుతున్నది."

"ఆగొద్దు."

"ఎందుకాగొద్దు? ఆగును అని నువ్వే రాస్తివి."

"నేను రాసింది రాళ్లవాగు మూడు తొవ్వల కాడికవ్వా. ఈడికి కాదు. ఈడ బస్సు ఆగాలని ఏ సారు చెప్పలే, ఏ కాయితం లేదు. డ్రైవరు బోర్డు చూసిండు, ఆపిండు."

"మంచి డ్రైవరు. చదువుకున్నడు."

"అవ్వా, నా గోస జర ఇను. నువ్వు ఆ దినం మా దుకాణానికి వచ్చినవా?"

"వచ్చిన."

"నేను అన్నం తిని ఒరిగిన్న. మా ఇంటామె శారద నీకు ఏమన్నది?"

"గోడకు ఆనిచ్చి ఉన్నయి, మీది తీస్కపో అవ్వా అన్నది. మంచి పిల్ల. సల్ల పోసింది."

"సల్ల సంగతి అటు పెట్టు. రంగు పచ్చిగుంటదని అక్షరాల దిక్కు గోడకు తిప్పి, పేపరు అడ్డం పెట్టి ఉంచుత నేను. ఎనుక దిక్కు సుద్దతోని గుర్తు గీస్త. ఎందుకు? తీస్కపోయేటోళ్ళకు చదువు రాదు. బడికి పలక. వీరేశం సేటు మిర్చి దుకాణానికి మిరపకాయ. బస్సుకు చక్రం. పసిపోరనికి గూడ తెలుస్తది. గీ పద్ధతి పెట్టినంక ఒక్క బోర్డన్న తప్పిపోయిందా? పోలే. నువ్వొచ్చేదాక."

"నాకు కండ్లు కానొస్తలేవు బిడ్డా. మసక. ముసల్దాన్నైన."

"గదే అంటున్న, మసక కండ్లతోని నువ్వు పలక ఇడిచిపెట్టి చక్రం ఎత్తుకపోతివి. పోతే పోయినవు. నువ్వు పోయినంక బస్సాఫీసు మనిషి వచ్చిండు. చక్రం లేదు. రెండే ఉన్నయి. ఆయన మిరపకాయ దిక్కు చూసి ఏమనుకున్నడో తెల్సా?"

"ఏమనుకున్నడు?"

"హారన్ అనుకున్నడు. రబ్బరు బుడ్డి హారన్ లేదా, వంకరగ, కొస సన్నగ? అది గీసిన్నట నేను. సంబురంగ తీస్కపోయి రాళ్లవాగు కాడ పాతిండు. ఇప్పుడాడ ఏం రాసున్నది? 'వీరేశం అండ్ సన్స్, మేలైన మిర్చి, టోకు వర్తకులు'."

"బస్సు ఆగుతలేదా మరి ఆడ?"

"ఆగుతున్నది. బోర్డు లేకముందు గూడ ఆగేది. నలుగురు నిలబడి చెయ్యెత్తుతరు, ఆపుతడు. కాకపోతే కండక్టరు 'మిర్చి కాడ దిగేటోళ్ళు రాండ్రి' అని మొత్తుకుంటున్నడు. ఎవలో పెండ్లిపత్రిక మీద గూడ అచ్చేయించిండ్రు, మిర్చి కాడ బస్సు దిగి రాగలరు అని."

"సేటుకు లాభమే గద."

"సేటు సంగతి చెప్పాల్నా? ఆయన ఊర్లె లేడు, వరంగల్ పోయిండు. ఆయన హమాలీ భద్రు వచ్చేసరికి ఒక్కటే మిగిలింది, పలక గుర్తుది. సేటు లెక్కలు రాసుకునేటోడు గద, గందుకే పలక గీసిండ్రనుకున్నడు. తీస్కపోయి దుకాణం మీద మేకులు కొట్టిండు. సేటు తిరిగొచ్చి చూస్తే మిర్చి బస్తాల నడుమ పిల్లలు వరుసగ కూసోని తుమ్ముతున్నరు."

"అయ్యో. ఎవలి పిల్లలు?"

"గల్లీల పిల్లలు. తల్లులు బోర్డు చూసిండ్రు, దింపిపోయిండ్రు. సేటు కోడలు కరుణ ఆగలేక అ ఆలు దిద్దిస్తున్నది. సేటు వచ్చి నన్ను కాలరు పట్టుకున్నడు. ఇరవై ఏండ్ల సంది మిర్చి అమ్ముతున్న, ఇప్పుడు నన్ను పంతులుగారూ అని పిలుస్తున్నరు, నీళ్ళకు పోత అని ఏలు చూపిస్తున్నరు, నేనేం చెయ్యాలె దత్తు అని ఏడ్సుడొక్కటే తక్కువ. ఎట్లనో బతిలాడి ఆ బోర్డు పీకుకొచ్చిన."

"ఆ పిల్లలు ఏమైండ్రు?"

"పోతలేరు. కరుణమ్మ పొమ్మంటలేదు."

"మా పిల్లలు గూడ మంచిగ కూసుంటరు. తుమ్మరు."

"గందుకే గదా మీ బడి బోర్డు తెచ్చిన. తీస్కో, పెట్టుకో. అవునవ్వా, బడి అంటే పంతులున్నడా మీకు?"

"ఉన్నడు. కాయితంల ఉన్నడు."

"కాయితంల ఉంటే సరిపోయిందా, తండకు రావద్దా?"

"వచ్చిండు ఒకపారి, పోయినేడు. సాంసన్ పంతులు. మానుకోట దిక్కు నుంచి అడివంత నడిచి వచ్చిండు. చెప్పులు తెగినయి. తెగిన చెప్పులు చేత పట్టుకొని మళ్ళ నడిచి పోయిండు. మంచోడే. మా కమ్లీ తల మీద చెయ్యి పెట్టి ఏం పేరని అడిగిండు. అది ఇప్పటిదాక తలంటుకుంటే ఆ జాగల నూనె పెట్టనిస్తలేదు."

"పాపం."

"బిడ్డా, నువ్వు ఇంకో బస్సు బోర్డు రాయరాదు? నీకు చేతులున్నయి, దీర్ఘాలున్నయి."

"రేకు బస్సాఫీసోళ్ళిచ్చిందవ్వా. లెక్కల రాసుకున్నరు. ఒక్కటే ఇచ్చిండ్రు, మచ్చుకు. గిది నచ్చితే గీ తొవ్వ పొడుగునా బోర్డులన్ని నాకే ఇస్తనన్నడు ఆఫీసు సారు. ఇన్నేండ్లు కిరాణం కొట్లకు, కల్లు దుకాణాలకు రాసి రాసి బతికిన. సర్కారు పని ఒక్కటన్న దొరుకకపోతదా అని చూసిన. దొరికింది. రేపు సారు జీపుల వస్తడు, రాళ్లవాగు దాక చూస్తడు. ఆడ చక్రం బోర్డు కానరాకుంటే నన్ను మళ్ళ గడప తొక్కనియ్యడు. ఇగ జరుగవ్వా, మాటలతోని పొద్దు గుంకుతది."

"జరుగుత. ఒక్కటి అడుగుత, చెప్పు. నువ్వు మానుకోటకు ఎట్ల పోతవు?"

"బస్సుల."

"బోర్డు పీకినంక బస్సు ఈడ ఆగుతదా?"

"గది నేను చూసుకుంట. నువ్వు జరుగు."

"చెప్పు బిడ్డా."

"బోర్డు చేతుల పట్టుకొని రోడ్డు మీద నిలబడుత. చూసి ఆపుతడు."

"నీకు ఆపుతడు. నువ్వెక్కుతవు, బోర్డెక్కుతది. రేపు మాకు?"

"మీరు అర్జీ పెట్టుకోండ్రి."

"మా ఆయన జాల్యా బతికున్నప్పుడు పెట్టిండు. తండకు ఆయన పేరొచ్చింది, బస్సు మాత్రం ఆగలే. ఆయనను దవాఖానకు మంచం మీద మోసుకపోయినం. నడుమల అడివిలనే పానం పోయింది. గా తొవ్వల ఇదివరకు బస్సు పోతనే ఉండె బిడ్డా. మా ముంగటి నుంచే పోయింది ఆ దినం గూడ. మంచం కింద పెట్టి చేతులూపినం. స్టాపు లేదని పోయిండు."

"ఈ డ్రైవరేనా?"

"ఎవలైతేంది. బోర్డు లేదు. వాని తప్పేమున్నది?"

"అవ్వా, నువ్వు గిట్ల చెప్తే నా చేతులు ఆడుతయా?"

"నేనేమన్న అంటున్ననా? పీకు. అగో, జరిగిన."

"జరగకు. కూసో. తప్పు నీది కాదవ్వా, నాది. చూపు లేని ముసల్దాని చేతికి సుద్ద గీతలు చూసి తీస్కపొమ్మని ఇచ్చిన. లేచి ఒక్కపారి ఇదేంది అదేంది అని చెప్పి ఉంటే గింత ఆగమయ్యేది కాదు. నిద్ర నాది, పద్ధతి నాది. దాని శిక్ష మీకెందుకు? రేపు సారు కాళ్ళు పట్టుకుంట, గుర్తు తప్పింది సారూ అంట. పని ఇస్తే ఇచ్చిండు, ఇయ్యకుంటే కల్లు దుకాణాలు ఉండనే ఉన్నయి."

"పీకవా?"

"పీక. మా శారద తిడుతది గని, పీక."

"సల్లగుండు బిడ్డా. అగో, మానుకోట దిక్కు నుంచి బస్సు వస్తున్నది."

"ఏది? నాకు దుమ్ము తప్ప ఏం కానొస్తలేదు."

"దుమ్ములనే ఉన్నది. ముంగటి సీట్ల, కిటికీ పక్కకు, నీలమంగి. సాంసన్ పంతులే. కమ్లీని పిలువాలె. పిచ్చోడు, ఇంక నడువాల్సి వస్తదనుకున్నడో ఏందో, కొత్త చెప్పులు చేతుల పట్టుకొని కూసున్నడు."

"అవ్వా."

"ఊ."

"చెప్పులు గూడ కానొచ్చినయా నీకు?"

"కొత్తయి గద, మెరుస్తున్నయి."

"మరి ఆ దినం, గోడ కాడ, పలక కానరాలేదా?"

"కానొచ్చింది బిడ్డా, మిరపకాయ గూడ కానొచ్చింది. పలక ముందు తెస్తే పంతులు ఎట్లొస్తడు, ముందు చక్రం రావాలె గద."