మా వదిన విన్న ఫోను

ఏంటి తల్లీ, వచ్చినప్పట్నుంచీ ఆ కాగితాన్ని మింగేసేలా చూస్తున్నావ్? ఏదీ, ఇలా తే. నా అద్దాలు... ఆ, నెత్తి మీదే ఉన్నాయిలే. ఓహో, ఎర్ర సిరా! మీ ఆఫీసరమ్మా? 'డిస్కస్ అబౌట్' అని రాశావా? అదీ సంగతి. నిన్ను చూసి కాదే నవ్వేది, మా వదిన గుర్తొచ్చింది. నువ్వు చూళ్ళేదు, నువ్వు పుట్టకముందే పోయింది. 'డిస్కస్ ఒంటి మనిషి అబ్బాయ్, దాని పక్కన ఎవర్నీ కూచోబెట్టకు' అనేది. 'వెయిట్' అలా కాదట, 'ఫర్' చెయ్యి పట్టుకుంటే తప్ప గడప దాటదట. ఇక 'లుక్' సంగతైతే చెప్పక్కర్లేదు. 'ఎట్' దగ్గర నిలబడితే చూస్తుంది, 'ఫర్' దగ్గర నిలబడితే వెతుకుతుంది, 'ఆఫ్టర్' ఇంటికెళితే పిల్లల్ని సాకుతుంది. 'ఎవరితో తిరిగితే ఆ బుద్ధి, అచ్చం మీ అన్నయ్యలాగే' అనేది. మా అన్నయ్య బట్టల కొట్లో గుడ్డ కత్తిరించేవాడు, నోట్లో ఎప్పుడూ రెండు గుండుసూదులుండేవి, అందుకని తిరిగి ఏమీ అనలేకపోయేవాడు.

ఇంతకీ ఏం చెబుతున్నాను... ఆ, వదిన. టెలిఫోన్ ఎక్స్ఛేంజీలో పనిచేసేది. ఇప్పటి ఫోన్లు కాదమ్మా. గోడంత బోర్డు, దాన్నిండా చీమల పుట్టల్లా బెజ్జాలు, బెజ్జానికో నంబరు. ఎవరైనా ఫోను ఎత్తితే చిన్న దీపం వెలిగేది, ఈవిడ తీగ పుల్ల తీసి గుచ్చి 'నంబర్ ప్లీజ్' అనేది. చెవులకి ఇనప పట్టీ. సాయంత్రం ఇంటికొచ్చాక కూడా జుట్టు మీద ఆ పట్టీ గాడి అలాగే ఉండేది. చదివింది ఎనిమిదో క్లాసు. ఇంగ్లీషంతా ఆ బోర్డు దగ్గరే నేర్చుకుంది. 'హోల్డ్ ఆన్', 'హ్యాంగ్ అప్', 'పుట్ త్రూ', ఏది ఎవరు ఎలా అన్నా చిన్న పుస్తకంలో రాసుకునేది. ఒక్క మాట రాసుకునేది కాదు, మొత్తం వాక్యం రాసేది. 'ఒక్క మాట నేర్చుకుంటే ఏం లాభం అబ్బాయ్, అది నలుగురిలో ఎలా మసులుతుందో తెలియాలి కదా' అని.

నేనప్పుడు వాళ్ళింట్లోనే ఉండేవాణ్ణి, పని కోసం తిరుగుతూ. మన భాషలో 'కోసం', 'మీద', 'తో' ఇవన్నీ మాట వెనకాల బుద్ధిగా నడిచొస్తాయి కదా, వాళ్ళకేమో ముందొచ్చి నిలబడతాయి. నా బుర్రకి ఎక్కేది కాదు. ఒకసారి 'దే ఆర్ లాఫింగ్ సీయింగ్ మీ' అన్నాను. నన్ను చూసి నవ్వుతున్నారు అని, మన లెక్కన సరిగ్గానే ఉంది! వదిన గిన్నె తోముతున్నది తోముతున్నట్టే కింద పెట్టి, గోడకి ఆనుకుని, కళ్ళనీళ్ళొచ్చేదాకా నవ్వింది. 'లాఫింగ్ ఎట్ మీ అనరా నాయనా. ఎట్. బాణం వేసినట్టు.' అలా రోజుకి పది చొప్పున ఆర్నెల్లు నూరిపోసింది. ఆ ఇంగ్లీషుతోనే నాకు కాగితం మిల్లులో గుమాస్తా పని దొరికింది. ఏడాది చూసి ఖాయం చేస్తామన్నారు.

అక్కడే జరిగింది. మిల్లులో కొత్త బాయిలర్ దింపారు. మంట పెట్టి పూర్తి ఒత్తిడికి తీసుకెళ్ళి చూడాలి, పరీక్ష అన్నమాట. దాని రోజు ఇంకా తేలలేదు. ఒక మధ్యాహ్నం భోజనాల వేళ, ఆఫీసులో నేనొక్కణ్ణే. హెడ్డాఫీసు నుంచి ఇంజనీరు ఫోను. లైనంతా గరగర, పెనం మీద నీళ్ళు చల్లినట్టు. ఆయన అన్నది 'వియ్ ఆర్ కాలింగ్ ఆఫ్ ద టెస్ట్' అని. అంటే పరీక్ష మానేయండి అని. నాకు వినబడింది 'కాలింగ్ ఫర్ ద టెస్ట్'. పరీక్ష చెయ్యమంటున్నారు అని. 'ఎస్ సర్, కాలింగ్ ఫర్ ద టెస్ట్ సర్' అని తిరిగి చెప్పాను కూడా. ఆయనకీ ఆ గరగరలో ఏం వినబడిందో, 'గుడ్, గుడ్' అని పెట్టేశాడు. నేను చీటీ రాసుకుని, ఏదో ఘనకార్యం చేసినవాడిలా బాయిలర్ షెడ్డుకి పరిగెత్తాను. బాయిలర్ మేస్త్రి చీటీ చూసి, 'సరే, ఎప్పుడైతేనేం' అని మంట పెట్టించాడు. చుట్టూ ఎనిమిది మంది. నేనూ అక్కడే నిలబడ్డాను, చూద్దామని.

ఆ కాల్ కలిపింది మా వదిన. లైను కలవగానే చెవి పక్కకి తీసెయ్యాలి, అది వాళ్ళ రూలు. వినడం తప్పు, విన్నది ఇంకొకరికి చెప్పడం అంతకన్నా పెద్ద తప్పు. కానీ లైను బాగా లేదని, తెగిపోతుందేమోనని పట్టుకునే ఉంది. ఆయన 'ఆఫ్' అన్నదీ వింది, నేను 'ఫర్' అన్నదీ వింది. నా గొంతు తెలియకపోవడమేంటి, నేర్పిందే తను కదా! వెంటనే ఆఫీసుకి మోగించింది. ఎవరూ లేరు, నేను షెడ్డులో ఉన్నాను. గేటుకి మోగించింది. గేటు దగ్గర కాపలా తాతకి కాస్త చెవుడు. 'ఎవరు? మేస్త్రా? పనిలో ఉన్నాడు, రేపు చెయ్యండి.' 'తాతా, రేపటికి నువ్వూ ఉండవు, గేటూ ఉండదు. పరిగెత్తి మంట ఆర్పమని చెప్పు. హెడ్డాఫీసు మాట!' ఆయన కర్ర పుచ్చుకుని వచ్చిన తీరు నాకింకా కళ్ళకి కట్టినట్టుంది. చెప్పు ఒకటి జారిపోయింది, వెనక్కి చూళ్ళేదు. మేస్త్రి మొదట కసురుకున్నాడు, 'ఇప్పుడే పెట్టమంటారు, ఇప్పుడే తీసెయ్యమంటారు, ఆటగా ఉందా' అని. అయినా పొయ్యిలోంచి మంట లాగించేశాడు. మర్నాడు ఇంజనీరు తనే కారేసుకుని వచ్చి దీపం పట్టుకుని చూశాడు. ఆయన అనుమానపడ్డట్టే, లోపల అతుకు దగ్గర జానెడు చీలిక. మేస్త్రి వెళ్ళి ఆ ఇనుము మీద చెయ్యి వేసి, అలా కాసేపు నిలబడ్డాడు.

అక్కడితో అయిపోతే బాగుండేది. మా మేనేజరు మంచివాడే పాపం, 'మీ ఆపరేటరు మా మనుషుల్ని కాపాడింది' అని ఎక్స్ఛేంజీకి ఉత్తరం రాశాడు. మెచ్చుకుంటూ! ఆ ఉత్తరమే కొంప ముంచింది. అక్కడి సూపరింటెండెంటు చదివి, 'ఆపరేటరుకి ఎలా తెలిసింది? అంటే వింది!' అని విచారణ పెట్టాడు. మిల్లు గుమాస్తాని కూడా వాంగ్మూలం ఇవ్వమన్నారు. గుమాస్తా అంటే నేనే. మిల్లులో అప్పటికి తప్పంతా ఆ గరగర లైను మీదికే పోయింది. నాకింకా ఉద్యోగం ఖాయం కాలేదు, రెండు నెలలుంది. నేను పొరబడ్డాను, ఆవిడ దిద్దింది అని రాస్తే వదినకి మందలింపుతో పోయేది. నాకు పని పోయేది. రాత్రంతా ఆలోచించాను అని చెప్పను తల్లీ, అబద్ధం. అరగంటే ఆలోచించాను. 'నాకు అప్పటికే అనుమానం వచ్చింది, హెడ్డాఫీసుతో ఖాయం చేసుకోబోతున్నాను, ఈలోగా ఆపరేటరు కల్పించుకుంది' అని రాశాను. ఇంగ్లీషులో. తప్పుల్లేకుండా.

ఆవిడ ఎదురుగానే చదివారట. ఆవిడ నా మీద ఒక్క మాట చెప్పలేదు, 'విన్నాను, చెప్పాను' అందట, అంతే. బోర్డు మీంచి తీసేసి రికార్డు గదిలో వేశారు. కింద, కిటికీ లేని గది. పాత కాల్ చీటీలు తేదీల వారీగా కట్టలు కట్టడం. అంత మంచి గొంతు, పలకరించడానికి మనిషే లేడు. ఆ సాయంత్రం ఇంటికొచ్చింది. నేను తలుపు వెనక దాక్కోలేదు కానీ, దాక్కున్నట్టే. మామూలుగానే కాళ్ళు కడుక్కుంది, భోజనం వడ్డించింది. నీళ్ళు పోస్తూ అంది: 'కన్ఫర్మ్ విత్ హెడ్డాఫీస్ అని రాశావు. విత్ సరిగ్గా పెట్టావ్ అబ్బాయ్.' అంతే. వెటకారం కాదే! నిజంగానే దిద్దినట్టు చెప్పింది. అన్నయ్య 'ఏంటి విషయం' అన్నాడు. 'పాఠం' అంది.

రెండేళ్ళు. నా ఉద్యోగం ఖాయమైంది, వేరే గది తీసుకున్నాను, ఆదివారం ఆదివారం వెళ్ళేవాణ్ణి. వెళ్ళిన ప్రతిసారీ చెబుదామనుకోవడం, వాతావరణం గురించి మాట్లాడి వచ్చెయ్యడం. రెండేళ్ళ తర్వాత ఆవిణ్ణి మళ్ళీ బోర్డు మీద వేశారు. ముందు రోజు వెళ్ళాను. మంచం మీద కూచుని యూనిఫాం కోటుకి గుండీ కుట్టుకుంటోంది. ఎదురుగా పిల్లాడిలా నిలబడ్డాను. తెలుగులో అంటే ఏడుపొచ్చేస్తుందని భయం. అందుకని ఇంగ్లీషులో అన్నాను, 'వదినా, ఐ వాంట్ టు అపాలజైజ్ ఫర్ యూ' అని.

సూది ఆగింది. తలెత్తి చూసింది. 'ఫర్ మీ కాదు అబ్బాయ్. నా బదులు నువ్వు చెప్పినట్టవుతుంది, నేనేం తప్పు చేశాను? టు మీ. ఆ తర్వాత వస్తుంది ఫర్. దేనికో, అది కూడా చెప్పాలి. దేనికో చెప్పకపోతే ఆ వాక్యం సగమే.'

చెప్పాను. టు యూ అన్నాను. ఫర్ అన్నాను. ఆ ఫర్ తర్వాత అంతా చెప్పాను, వాంగ్మూలంలో ఏం రాశానో, ఎందుకు రాశానో, అరగంటే ఆలోచించానని కూడా. సగం ఇంగ్లీషు, సగం తెలుగు, ఎక్కడ ఏది పెట్టానో నాకే తెలీదు. ఆవిడ ఒక్కటీ దిద్దలేదు. అంతా అయ్యాక దారం పంటితో కొరికి, కోటు దులిపి, 'ఆఁ. ఇప్పుడు పూర్తయింది' అంది.

...

ఆ కిటికీ రెక్క కాస్త దగ్గరికి వెయ్యమ్మా. గాలి ఎక్కువైంది.