కెర్వెల్ పునీతుడి ముక్కు

గుడి చరిత్రా? అది గోడ మీద రాసే ఉందిగా అమ్మాయ్, ఏ రాజు కాలంలో కట్టారో, గోపురం మీద పిడుగు ఎప్పుడు పడిందో. నన్నడిగితే ముక్కు సంగతి చెబుతా. కుడిపక్క చిన్న పీఠం మీద చెక్క పునీతుడున్నాడు చూశావా, కెర్వెల్, సగం ముక్కుతో? ఎలకలు కొరికాయనుకున్నావా? మన ఊరి ఆడపిల్లల పని అది. కూర్చో చెబుతా. ఆ కుర్చీలో కాదు, దాని కాలు ఊగుతుంది. జన్మంతా ఊరందరికీ వడ్రంగం చేశాను, నా ఇంట్లో కుర్చీ మాత్రం ఊగుతుంది. ఏం చెబుతున్నానూ... ఆ, సొయిజిక్.

సొయిజిక్ అంటే గుడి తాళాలావిడ. వాళ్లమ్మ, అమ్మమ్మ కూడా ఆ గుడే ఊడ్చారు, ఆ గంటే కొట్టారు. పెళ్లి చేసుకోలేదు. మనిషి చెక్కిన పెన్సిల్లా సన్నం, నోరు మాత్రం రంపం. నేను బెంచీలు బాగుచేస్తుంటే వెనకే నిలబడి, "యాన్, నువ్వు కొట్టిన మేకు పైకి లేచి మరీ పూజ చూస్తోందయ్యా" అనేది. నిజమే, లేచేది.

ఇక ముక్కు ఆనవాయితీ. పెళ్లి కావాల్సిన పిల్ల గుడిలో ఎవరూ లేనప్పుడు వెళ్లి, మనసులో ఒకడి పేరు తలుచుకుని, పునీతుడి ముక్కులో గుండుసూది గుచ్చాలి. నిలిస్తే ఏడాదిలో పెళ్లి. పడిపోతే మళ్లీ ఏడాది రావాలి. ఎందరు ఫాదర్లు మారారో, అందరూ తిట్టారు. ఏ ఆడమనిషినడిగినా, "నేనా? ఛ ఛ, అది మా అమ్మమ్మల కాలం మాట" అనేది. ముక్కు మాత్రం ఏటేటా అరిగేది.

నాకు యాభై నిండిన ఏడు, పట్నం నుంచి పాత కట్టడాలు చూసే ఆఫీసరొచ్చాడు. భూతద్దం ముక్కు దగ్గర పెట్టి పెదవి విరిచాడు. పురుగట. ఇంకో పదేళ్లకి పునీతుడు పొడైపోతాడట. తీసుకెళ్లి మందు పెట్టాలట. మళ్లీ ఎప్పుడు పంపుతారయ్యా అంటే, చూద్దాం అన్నాడు. పక్క ఊరి మరియమ్మ స్వరూపం అలాగే మందుకని వెళ్లి పదకొండేళ్లయింది, మ్యూజియంలో అద్దం వెనకాల నిలబడి ఉంది. పెట్టె చేయమని నాకే చెప్పారు. చేశాను. పురుగు చిల్లేదో సూది చిల్లేదో నాకు తెలీదా? కానీ ఆడవాళ్ల గుట్టు మగాణ్ణి నేనెలా బయటపెట్టను? అలా అనుకుని ఊరుకున్నాను.

ఆదివారం పూజయ్యాక పెట్టెలో గడ్డి పరిచాను. ఫాదర్ ఆడవాళ్లకేసి తిరిగి, ఇవి సూది చిల్లులైతే ఇప్పుడే చెప్పండమ్మా అని అడిగాడు. మేయరుగారి భార్య పైకప్పుకేసి చూసింది, నిన్ననే రంగు వేశారన్నట్టు. మా ఆవిడ ఫిలొమెన్ తలమీది లేసు సర్దుకుంది. అప్పుడు తాళాలు గలగలమన్నాయి. సొయిజిక్.

"పురుగు కాదయ్యా అది. మేమే" అంది. మేమంటే ఎవరని ఆఫీసరడిగాడు. శాలువాలోంచి గుండుసూది తీసి ఒక చిల్లులో పెట్టింది, అచ్చంగా సరిపోయింది. "ఇటుపక్క ఈ ఐదూ నావి. పదిహేడో ఏట మొదలుపెట్టి ఏటా ఒకటి." ఇంక చూడు, గుడంతా ఒకటే నవ్వు, రంపానికి కూడా ఒకడున్నాడా అని. నేనూ నవ్వాను. ఆఫీసరు నవ్వుతూనే, పాపం ఒక్కటీ నిలవలేదా అన్నాడు.

"నిలిచింది. ఐదోది. ఏడాది తిరక్కుండా అతనికి పెళ్లయింది. గంట నేనే కొట్టాను."

నవ్వు ఆగిపోయింది. మేయరుగారి భార్య పైకప్పు మీంచి చూపు దించి, నావి మూడు అంది. రొట్టెలు చేసే ముసలమ్మ, నావి ఏడు, ఏడింటికీ ఏడు పేర్లు అంది. మళ్లీ నవ్వులు, మళ్లీ లెక్కలు. ఆఫీసరు కాగితం మీద పురుగు అన్న మాట కొట్టేసి, మనుషులు అని రాసుకున్నాడు. కెర్వెల్ ఇక్కడే ఉండిపోయాడు. పెట్టె ఇంటికి తెచ్చుకుని కోళ్లకిచ్చాను. ఫిలొమెన్ మాత్రం తన లెక్క చెప్పలేదు.

సొయిజిక్ పోయి ఇరవయ్యేళ్లు దాటింది. ఆ రోజు గంట కొట్టడం ఎవరికీ చేతకాలేదు. నేనే కొట్టాను, సరిగ్గా రాలేదు.

ఏంటి లెక్కేస్తున్నావ్? వేసుకో. ఐదో సూది గుచ్చినప్పుడు ఆవిడకి ఇరవై ఒకటో ఏడు, నాకు పాతిక. ఆ ఏడాది కుర్రాళ్లు సగం మంది పనులకి రేవు పట్నాలకెళ్లారు. మన గుడిలో జరిగింది ఒక్క పెళ్లే. సూదుల లెక్కలు చెప్పుకున్న ఆ ఆదివారం ఇంటికెళ్లాక ఫిలొమెన్ అట్లు మాడ్చింది, పాతికేళ్ల కాపురంలో అదొక్కసారే. నన్నేమీ అడగలేదు. నేనూ...

ఆ ఆపిల్ కల్లు సీసా ఇలా అందుకో. చూశావా, ఆ కుర్చీలో కూర్చోకంటే కూర్చున్నావ్.