వానాకాలం అన్న, చలికాలం తమ్ముడు

ఏయ్ నాయనా, సంచీ ఆ మేకుకి తగిలించకు. కింద పెట్టుకో, ఎవరూ ఎత్తుకుపోరులే. మేకు గట్టిదే, అందుక్కాదు. అది ఒకళ్ళది. ఒకళ్ళదేంటి, ఇద్దరిది. కూచో, టీ తాగు. బండ్లకి వంతెన గేటు ఇప్పుడప్పుడే తియ్యరు, ఆ మూటేసుకుని నడిచిపోతావా ఏంటి? ఎక్కడికి, పూనాకా? కాపలా పనికేగా. నువ్వు చెప్పక్కర్లేదు, మొదటిసారి పోయేవాళ్ళంతా ఇలాగే మాటిమాటికీ వెనక్కి తిరిగి కొండలకేసి చూస్తారు. నాలుగైదుసార్లు పోయొచ్చాక అటు చూడమన్నా చూడరు. నదికి ఇవతల మన దేశం, అవతల వాళ్ళ దేశం అంటారు గానీ, అడిగేవాడెవడు, ఆపేవాడెవడు? పొలానికి పోయినట్టు పోతారు, వస్తారు. మా ఆయనా అలాగే పోయాడు. ఆయన సంగతి అడక్కు. అది వేరే కథ, అసలు కథే కాదు.

మేకు సంగతి కదూ. హర్కె అని, దల్లె అని, దోటీ కొండల్లో సావుద్‌ల ఇంటివాళ్ళు, అన్నదమ్ములు. చిన్నప్పుడు బంతిలా ఉండేవాడని చిన్నాణ్ణి దల్లె అన్నారట. నేను చూసేసరికి ఏముందీ, కర్రకి చొక్కా తొడిగినట్టుండేవాడు. పెద్దాడు హర్కె కాస్త ఒళ్ళున్న మనిషి, కోపం కూడా ఒంటికి తగ్గట్టే. వీళ్ళిద్దరికీ పూనాలో ఒక కాలనీ గేటు దగ్గర కాపలా. ఉద్యోగం ఒకటి, మనుషులిద్దరు. అర్థమైందా? నీకర్థమవుద్దిలే, నువ్వూ ఎవరో బంధువు స్థానంలోకే పోతున్నావు. నాట్లకి ముందు హర్కె ఇంటికొచ్చేవాడు, దల్లె పోయేవాడు. దసరా కాగానే హర్కె పోయేవాడు, దల్లె వచ్చేవాడు. గేటు ఒక్క వారం ఖాళీగా కనపడితే చాలు, ఇంకో ఊరివాడొచ్చి కుర్చీ వేసుకుంటాడు. అందుకని ఒకడొచ్చి ఇంకొకడు చేరేలోపు ఆ నాలుగు రోజులు, పూనాలో తమతో గదిలో ఉండేవాళ్ళని నిలబెట్టి మరీ కాపాడుకునేవాళ్ళు. ఆ కాలనీవాళ్ళకి ఇద్దరు మనుషులని తెలీనే తెలీదు, తెలుసా! మన కొండలోడు ఎవడు కాపలాకొచ్చినా బహదూరే వాళ్ళకి. ఒకావిడ దల్లెని పట్టుకుని, "ఏంటి బహదూర్, ఊరెళ్ళొచ్చి ఇలా చిక్కిపోయావు, మీ ఆవిడ అన్నం పెట్టలేదా?" అని రెండు రొట్టెలు ఎక్కువ పెట్టిందట. అది చెప్పి ఇక్కడ కూచుని ఎంత నవ్వారో. దల్లె నవ్వితే దగ్గొచ్చేది. అయినా ఆపేవాడు కాదు.

ఆ మారే రోజు మాత్రం ఇక్కడ కలిసేవాళ్ళు, ఈ బల్ల మీదే. ఒకడు అట్నుంచి, ఒకడు ఇట్నుంచి. ఒక్క పూట. ఒకే కంచంలో తినేవాళ్ళు. ఏ గేదె ఈనిందీ, ఏ ఇంటివాళ్ళు పండక్కి మిఠాయి పెడతారూ, ఏ కుక్క కరుస్తుందీ, ఇవే మాటలు. పోయేముందు వచ్చినవాడు తన ఖాకీ కోటు విప్పి పోయేవాడికి తొడిగేవాడు. హర్కె కోటు దల్లెకి వదులు, చేతులు లోపలికి పోయేవి, చలికాలంలో వాడక్కడ ఉండడుగా, ఏదోలే. అంతా కలిపి ఏడాదికి రెండు పూటలయ్యా ఆ అన్నదమ్ములు ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకున్నది. పెద్దాడి పెళ్ళాం ఒకసారి మొగుణ్ణి సాగనంపడానికి ఇక్కడిదాకా వచ్చింది. "మా ఇంట్లో ఎప్పుడూ మగదిక్కు ఉంటుందక్కా, నా మగడే సగం ఏడాది ఉండడు" అంది. నవ్వుతూనే అందిలే. నాకైతే నవ్వు రాలేదు.

వాళ్ళమ్మకి ఒకటే కోరిక. "కళ్ళు మూసేలోపు ఇద్దర్నీ ఒక్క వరసలో కూచోబెట్టి వడ్డించాలిరా" అని పోరు పెట్టేది. పాపం, పిల్లలు పెద్దాళ్ళయినప్పట్నుంచీ ఒక విస్తరి వేసేదే గానీ రెండు వెయ్యలేదావిడ. సరే, ఒక ఏడు భాద్రపదంలో గౌరా పండక్కి గదిలోవాడొకణ్ణి బతిమాలి గేటు దగ్గర నెల్లాళ్ళు పెట్టి దల్లె కూడా వచ్చాడు. హర్కె ఎలాగూ ఇంట్లోనే ఉన్నాడు. దల్లె ఇక్కడ దిగినప్పుడు చూడాల్సింది వాడి మొహం! "అక్కా, ఈ పనిలో చేరాక మా పొలం పచ్చగా ఉండగా చూడనే లేదు ఇంతవరకూ" అన్నాడు. నిజమే మరి. వాడు వచ్చేసరికి కోతలైపోయి గడ్డే మిగిలేది.

ఇంక అక్కడ జరిగింది విను. వాళ్ళింటికి ఉత్తరంవైపు ఒక కిటికీ ఉంది. చలికి పిల్లలు వణికిపోతున్నారని దల్లె ఏటా దాన్ని రాళ్ళూ మట్టీ పెట్టి మూసేసేవాడు. వానాకాలం హర్కె వచ్చి, పొగ పోవట్లేదని ఏటా పగలగొట్టి తెరిచేవాడు. ఎన్నేళ్ళనుంచో! ఆడవాళ్ళు మూశారనుకునేవాడు ఒకడు, వానకి కూలిందనుకునేవాడు ఇంకొకడు. ఆ కోడళ్ళేమో, "మనకెందుకమ్మా, ఎవరు ఇంట్లో ఉంటే వాళ్ళ మాటే" అని ఊరుకున్నారు. ఆ ఏడు నాట్ల హడావిడిలో పడి హర్కె పండగదాకా దాని జోలికి పోలేదు; పండగ మొదటిరోజు పొద్దున్నే గునపం ఎత్తి ఆ కిటికీ మీద ఒక్క పోటు పొడిచాడు. దల్లె లేచొచ్చి, "అదేంటన్నా, నేను కట్టింది పగలగొడతావేంటి?" అన్నాడు. "నువ్వు కట్టడమేంట్రా? ఈ ఇంట్లో నన్నడక్కుండా రాయి పెట్టేదెవడు?" అన్నాడీయన. "నేనుండే ఇల్లు నాకు తెలీదా?" "నువ్వుండే ఇల్లా? చలికాలం చుట్టానివిరా నువ్వు!" "అయితే నువ్వు వానాకాలం చుట్టానివి!" ఇదీ వరస. అమ్మ ముందు, పిల్లల ముందు, పండగపూట. దానికి తోడు హర్కె కొడుకు ఏదో అడగడానికొచ్చి, తండ్రిని దాటిపోయి బాబాయిని అడిగాడట. వాడికేం తెలుసు, చలికాలమంతా బాబాయినే కదా అడిగేది. అంతే, హర్కె మొహం మాడిపోయింది. ఒకళ్ళకోసం ఒకళ్ళు ప్రాణం పెట్టే మనుషులు, ఒక్క ఇంట్లో పక్కపక్కన ఎలా ఉండాలో తెలీలేదయ్యా వాళ్ళకి. పెద్దయ్యాక ఎప్పుడైనా ఉంటేగా! దల్లె అమ్మ వడ్డించిన ముద్ద కూడా ముట్టకుండా మర్నాడే దిగొచ్చాడు. రెండో విస్తరి వేసింది ఆవిడ, దాని ముందునుంచి లేచి వచ్చేశాడు వాడు.

ఆ తర్వాత ఇక్కడ కలవడం మానేశారు. కావాలనే ఒకడు ముందురోజు వచ్చి, కోటు ఆ మేకుకి తగిలించి పోయేవాడు. ఇంకొకడు మర్నాడొచ్చి తొడుక్కుపోయేవాడు. నా దగ్గర మాత్రం ఒకటే గోల. "వాడు చిక్కాడా అక్కా? దగ్గు తగ్గిందా?" అని పెద్దాడు. "అన్న మోకాలు ఎలా ఉంది, కుంటుతున్నాడా?" అని చిన్నాడు. నాకు ఒళ్ళు మండిపోయేది. "నేనేమన్నా మీ ఇద్దరి మధ్య పోస్టుమేన్ననుకున్నారా? ఒక రాత్రి ఆగితే మీరే చూసుకుంటారు కదరా, మొండి వెధవల్లారా!" అని తిట్టేదాన్ని. తలొంచుకుని పోయేవాళ్ళు. అడిగింది మాత్రం చెప్పేదాన్ని, ఆ మాటకొస్తే ఎప్పుడూ దాచలేదు. గుండీ ఊడితే కుట్టి తగిలించేవాడు దల్లె. హర్కె ఆ గుండీని వేలితో నిమిరి చూసుకునేవాడు, నేను చూడట్లేదనుకుని.

వాళ్ళమ్మ మాఘంలో పోయింది. ఇంట్లో ఉన్నది దల్లె, అన్నీ వాడే చేశాడు. హర్కెకి ఎప్పటికో తెలిసి అక్కడే గుండు గీయించుకున్నాడట. నాట్లకి ఇంటికి పోతూ ఇక్కడ కూచుని, "అమ్మ కూడా వాడి కాలంలోనే పోయిందక్కా" అని ఏడ్చాడు. అంత మనిషి, చిన్నపిల్లాడిలా. ఆ వానాకాలమంతా ఏం ఆలోచించుకున్నాడో మరి, దసరా అయ్యాక దిగినవాడు ఎప్పట్లా దల్లె వెళ్ళాక రాలేదు. ముందే వచ్చేశాడు. మినప వడలు వండించి గుడ్డలో కట్టుకొచ్చాడు, దల్లెకి ఇష్టమని. "ఏంట్రా, ఇన్నాళ్ళకి బుద్ధొచ్చిందా?" అన్నాను. "వచ్చిందక్కా. అమ్మ లేదు. వాడికి నేను, నాకు వాడు, ఇంకెవరున్నారు? వాడు నోరు తెరవకముందే నేనే అనేస్తా, ఇల్లు నీదేరా అని. కిటికీ మూసుకుంటాడో, గోడే కట్టుకుంటాడో వాడిష్టం" అన్నాడు. ఎంత తేలిగ్గా ఉన్నాడో ఆ రోజు. వంతెన మీద ఎవరొస్తున్నా లేచి నిలబడేవాడు. వడలు ఎండిపోతాయని మూట నీడకి జరిపేవాడు. మర్నాడూ అంతే. ఆ మర్నాడూ అంతే. "బండి ఆలస్యమై ఉంటుంది" అని నాకు చెప్పేవాడు. నేను అడక్కుండానే చెప్పేవాడు.

చివరికి వచ్చింది పదమ్ అని, పూనాలో వాళ్ళ గదిలో ఉండేవాడు. చంకలో కోటు. హర్కె వాడి వెనకకేసి చూస్తున్నాడు, దల్లె ఇంకా నడిచొస్తున్నాడేమోనని.  దల్లెకి జ్వరమన్నాడు పదమ్, ఆసుపత్రికి తీసుకెళ్ళేలోపే అన్నాడు, ఇంత దూరం తేలేక అక్కడే దహనం చేసేశాం అన్నాడు. "నన్నేమైనా అన్నాడా?" అని హర్కె అడిగాడు. "'అన్న బయల్దేరి ఉంటాడు, అందాకా గేటు ఖాళీగా ఉంచకండి' అన్నాడు" అని పదమ్ చెప్పాడు.

 నేను హర్కెకి నీళ్ళిచ్చాను, పట్టుకున్నాడు గానీ తాగలేదు. పదమ్ అడగలేక అడగలేక, "మరి నువ్వు వస్తావా, ఇంకెవర్నయినా చూసుకోమంటావా?" అన్నాడు. వాడేం చేస్తాడు, అక్కడ గేటు దగ్గర గదిలోవాళ్ళు ఎన్నాళ్ళని నిలబడతారు. "నేను రాను" అన్నాడు హర్కె. తర్వాత నాకేసి తిరిగాడు. "ఇంక ఏడాది పొడుగునా ఇల్లు నాదేనక్కా. చలికాలం ఆ ఇంట్లో మంట ఎక్కడ వేస్తారో, పిల్లల్ని ఎటువైపు పడుకోబెడతారో నాకు తెలీదు. వాడికే తెలుసు. ఎవర్నడగను?" అన్నాడు.

...

గ్లాసు ఇలా తే నాయనా, కడగాలి.